తీగ మీది తెల్ల బనీన్లు

ఎండకు ఆరుతున్న బనీనులోంచి వచ్చే సబ్బు వాసన అందరికీ హాయిగా ఉంటుంది, నాకు మాత్రం గుండె ఝల్లుమంటుంది. తెలీబంధా పేటలో మా డాబా మీద మా ఆయన బనీన్లు ఆరేస్తూ చంకల దగ్గర ఒకసారి తిప్పి చూస్తాను. ఆయన నవ్వుతారు. ఈ పిచ్చి నాకు అంటించింది చిన్నప్పటి మా రైల్వే క్వార్టర్ పక్కింటి సత్యవతి పిన్ని. నర్సుగా చేసి రిటైరైన మనిషి.

నేను పన్నెండో తరగతిలో ఉండగా నాన్నకు ఆయాసం మొదలై కాళ్ళు వాచాయి. గ్యాస్ అనుకుని ఇంగువ నీళ్ళు తాగించాం. పిన్ని ఆయన మెడ మీద ఉబ్బిన నరం చూసి ఆ పూటే ఆసుపత్రికి లాక్కెళ్ళింది. గుండె చుట్టూ ఉన్న పొరలో నీరు చేరిందని సూదితో తీశారు. కారణం టీబీ. దగ్గే లేని మనిషికి టీబీ ఏమిటని అమ్మ ఏడ్చింది. ఆ క్రిమి గుండె పొరకూ పట్టగలదని పిన్ని ఓపికగా చెప్పింది. ఆరు నెలల మందు. ఆ ఎర్ర గొట్టం మాత్రలు మింగితే చెమట కూడా నారింజ రంగుకు తిరుగుతుందని ముందే హెచ్చరించింది. ఆ మరకలు రుద్దలేక నా చేతులు పడిపోయేవి.

మూడో నెలలో మరకలు పోయాయి. ఓ రోజు పిన్ని గుమ్మంలో నిలబడి మా తీగ వైపు చూసింది.

"బనీన్లు ఇంత తెల్లగా ఉన్నాయేటే?"

కొత్త సబ్బు మహిమ అని గొప్పగా చెప్పాను. ఆమె లోపలికొచ్చి నాన్న మాత్రలు లెక్కపెట్టింది.

ఒళ్ళు తేలికపడిందని నాన్న అప్పటికే మాత్రలు మానేశాడు. జబ్బు పేరు బయటపడితే తను పనిచేసే రైల్వే షెడ్డులో ఎవరూ పక్కన కూర్చుని తినరన్న భయం ఒకటి. పిన్ని కేకలు వేయలేదు. డాక్టరుతో చెప్పి మందులు మళ్ళీ మొదలుపెట్టించి, మర్నాడు పొద్దున్నే నీళ్ళ గ్లాసుతో వచ్చింది.

"బావా, నీరు మళ్ళీ చేరితే ఈసారి టైం దొరుకుతాదో లేదో నాకు తెల్దు. మింగు, నేను చూస్తాను."

కోర్సు పూరా అయ్యేదాకా రోజూ వచ్చింది. బనీను మీద మరక మళ్ళీ కనిపించిన రోజు దాన్ని ఉతకబుద్ధి కాలేదు నాకు.

నాన్నకిప్పుడు డెబ్బై దాటాయి. పిన్నే లేదు. చివరి రోజుల్లో బీపీ మాత్రకు మొండికేసేది. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా నేను గ్లాసు పట్టుకుని, "మింగు పిన్నీ, నేను చూస్తాను" అనేదాన్ని. తిట్టుకుంటూనే మింగి, నోరు తెరిచి చూపించి, "సరేనా సిస్టరమ్మా?" అనేది. ఆ పిలుపు ఇంకొన్నాళ్ళు వినగలిగితే బాగుండేది.