మాస్టారికి వినిపించని చప్పుడు

రోజూ పొద్దున్నే తాడేపల్లిగూడెంలో మా కాలేజీ సర్వర్ గది తలుపు తెరుస్తాను. వెనకనుంచి రైసుమిల్లుల్లో ఉడికే వడ్ల వాసన, ఎదురుగా ముఖానికి తగిలే ఏసీ చల్లగాలి, దానితోపాటే ఫ్యాన్ల హోరు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ హోరుకి చెవులు మూసుకుంటారు. నాకు మాత్రం అది వినగానే ఒక మనిషి గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది. ఆయనకి ఆ చప్పుడంటే ప్రాణం. చివరికి ఆయనకి వినిపించకుండా పోయిందీ అదే.

ఆయన పేరు కామేశ్వరరావు గారు. మాకందరికీ మాస్టారు. ఏలూరు పక్కన వట్లూరులో, ఒక మేడమీద, సర్వర్లు బిగించడం, కనిపెట్టుకుని ఉండడం, చెడితే బాగుచెయ్యడం నేర్పే శిక్షణా కేంద్రంలో పాఠాలు చెప్పేవారు. రోజూ కామవరపుకోట నుంచి బస్సులో వచ్చేవారు. మెట్లెక్కి వచ్చేసరికి మనిషి వడిలిపోయి ఉండేవారు గానీ, సర్వర్ ఆన్ చెయ్యగానే పెళ్ళివారింటికి వచ్చినంత హుషారు. నేను కొల్లేటి పక్క ఊళ్ళో రొయ్యల చెరువు కాపలా చేసుకునే ఇంటి పిల్లని. డిగ్రీ అయ్యాక, చెరువు గట్టు తప్పించుకోవడానికి దొరికిన దారి కదా అని అక్కడ చేరాను. సర్వరంటే నలుగురి కంప్యూటర్లకీ కావలసినవి దాచిపెట్టి, అడిగినప్పుడు అందించే పెద్ద కంప్యూటరని కూడా అప్పటికి తెలియదు.

మొదటిరోజు మేమంతా కొత్త స్క్రూడ్రైవర్లు పట్టుకుని యుద్ధానికి సిద్ధంగా నిలబడ్డాం. ఆయన చూసి నవ్వారు. "అవన్నీ సంచుల్లో పెట్టెయ్యండి. ఒక్కొక్కరూ ఈ సర్వర్ వెనక్కి వెళ్ళి, గాలి వచ్చేచోట అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకోండి. ఏమంటోందో చెప్పండి."

"ఉక్కగా ఉందంటోందండీ" అన్నాడు తాడేపల్లిగూడెం కుర్రాడొకడు. అందరికంటే గట్టిగా నవ్వింది మాస్టారే. "పోనీ, అది కూడా ఒక మాటే కదా. ముందు వినండి, తర్వాత చూడండి, ఆ తర్వాతే విప్పండి. అందరూ విప్పడంతో మొదలెట్టి, మూయడం రాక నన్ను పిలుస్తారు" అన్నారు. ఆ నవ్వు, ఆ మాట అయ్యాక కళ్ళజోడు పైకి తోసుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటాయి.

కొన్నాళ్ళకి ఒక పెద్ద సర్వర్‌ని మొదటిసారి నా చేత ఆన్ చేయించారు. మీట నొక్కాను. తెర నల్లగా ఉండిపోయింది. వెంటనే ఆపేసి మళ్ళీ నొక్కాను. తెర మళ్ళీ నలుపే. ఇంకోసారి ఆపబోతుంటే మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. చెరువు గట్టున పెరిగినవాళ్ళకే వచ్చే కంగారది. చెరువులో గాలి ఆడించే ఏరియేటర్ ఆగితే రొయ్యలు ఊపిరాడక తేలిపోతాయి. మోటారు పట్టుకోకపోతే ఆపి మళ్ళీ వెయ్యాలి, అప్పటికీ పట్టుకోకపోతే మళ్ళీ. అక్కడ ఆలోచిస్తూ కూర్చుంటే ఆ పంట పోయినట్టే.

ఈ సంగతంతా చెబితే ఆయన శ్రద్ధగా విన్నారు. "మీ నాన్నగారు చేసేది రైటేనమ్మా. కానీ ఇవి రొయ్యలు కావు, ఊపిరాడక చచ్చిపోవు. ఇదిప్పుడు నిద్రలేచి తన ఒళ్ళు తాను తడుముకుంటోంది. మధ్యలో పీక నొక్కితే మళ్ళీ మొదటికొస్తుంది. తెర నల్లగా ఉన్నంతమాత్రాన లోపల ఎవరూ లేరనుకోకు. ఆగు" అన్నారు.

చేతులు కట్టుకుని ఆగాను. చాలాసేపటికి తెరమీద అక్షరాలు వచ్చాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంతకీ, ఇంట్లో ఉంటే ఏరియేటర్ ఆగిందని మీకెలా తెలుస్తుందమ్మా?" అని అడిగారు.

"చప్పుడు ఆగిపోతే మెలకువ వచ్చేస్తుందండీ."

"అదీ! ఆ చెవే నాకు కావాలి" అన్నారు. శిక్షణ అయ్యాక నన్ను అక్కడే సహాయకురాలిగా పెట్టించారు.

ఆయన అంత ముచ్చటపడి నా చెవిని ఎందుకు మెచ్చుకున్నారో తర్వాత గాని తెలియలేదు. ఒకరోజు పాఠం మధ్యలో సర్వర్ ఫ్యానొకటి అరిగిపోయి కీచుమని అరవడం మొదలెట్టింది. పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. మాస్టారు మాత్రం దాని పక్కనే నిలబడి, ఏమీ జరగనట్టు చెప్పుకుపోతున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆయన భుజం తట్టి ఫ్యాను వైపు చూపించాను.

పాఠం అయ్యాక మాస్టారు మెట్లమీద కూర్చున్నారు. "ఎడమ చెవి ఎప్పుడో పోయిందమ్మా. ఇప్పుడు రెండోదీ అదే దారి పట్టింది. వినమని చెప్పేవాడికే వినపడకపోతే ఇంకేం పాఠం? ఈ నెలాఖరుకి మానేస్తాను" అన్నారు. పాఠం లేకపోతే ఆయన ఏమైపోతారో నేను ఊహించలేకపోయాను. "మీరు చెయ్యి పెట్టండి మాస్టారూ. నేను విని చెబుతానండీ" అన్నాను. ఆయన నా పెదవుల వైపు చూసి అర్థం చేసుకున్నారు. తర్వాత కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

ఆ నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. ఆయన మానలేదు. అరచెయ్యి పెట్టి "ఏమంటోందమ్మా?" అనేవారు. నేను పిల్లలందరి ముందూ పైకి చెప్పేదాన్ని. ఎడమవైపు ఫ్యాను బరువుగా తిరుగుతోందండీ, డిస్కు టకటకమంటోందండీ అని. దాన్నిబట్టి ఆయన పాఠం అల్లుకుపోయేవారు. అదంతా మేం పాఠం చెప్పే పద్ధతే అనుకున్నారు పిల్లలు. నా జీవితంలో అంత నిండుగా ఉన్న రోజులు మళ్ళీ రాలేదు.

కేంద్రం మూతపడ్డాక ఆయన కామవరపుకోటలోనే ఉండిపోయారు. నాకు తాడేపల్లిగూడెం కాలేజీలో ఈ ఉద్యోగం వచ్చింది. ఫోన్ చేస్తే ఆయన మాట్లాడేవారు, నేను వినేదాన్ని. నా మాట ఆయనకి చేరేది కాదు. ఒక్కసారి మాత్రం, ఎవరు వద్దన్నా వినకుండా, బస్సెక్కి నా సర్వర్ గది చూడడానికి వచ్చారు. సంచిలో సీతాఫలాలు. గదిలోకి వచ్చి, వెనక్కి వెళ్ళి, అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచి నా పెదవుల వైపు చూస్తూ "ఏమంటోందమ్మా?" అన్నారు.

"అన్నీ బాగా తిరుగుతున్నాయండీ."

"చాలమ్మా" అన్నారు. ఆ తర్వాత వేసవిలో ఆయన పోయారు.

ఇప్పుడు నా దగ్గరకీ పిల్లలు నేర్చుకోవడానికి వస్తారు. స్క్రూడ్రైవర్లు సంచుల్లో పెట్టిస్తాను, నల్లతెర చూసి కంగారుపడితే చెయ్యి పట్టుకుని ఆపుతాను. వాళ్ళు రాకముందు, పొద్దున్నే ఒక్కదాన్నీ ఉన్నప్పుడు, సర్వర్ వెనక్కి వెళ్ళి అరచెయ్యి పెడతాను. అడిగేవాళ్ళు లేరు. అయినా పైకే చెబుతాను, "అన్నీ బాగా తిరుగుతున్నాయండీ మాస్టారూ" అని. జవాబు రాదని తెలుసు. కానీ వెంటనే చెయ్యి తియ్యను. ఆగమని నేర్పింది ఆయనే కదా, కాసేపు ఆగుతాను.