అరగంట ఆగిన కబురు

దెయ్యాలకు భయపడేంత తీరిక నాకెప్పుడూ లేదు. పదిహేనో ఏట కాపురానికొచ్చాను. నా ముప్ఫై ఎనిమిదో ఏట మా ఆయన పోయారు. ఆ తరవాత పొలం గట్ల మీద, కాలవ రేవులో వేళ కాని వేళ ఒక్కదాన్నే తిరిగాను. పాములు కనబడ్డాయి గాని దెయ్యం ఒక్కటీ కనబడలేదు. ఎవరైనా అలాంటి కథలు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని.

నేను చదివింది మూడో క్లాసు. మా మనవరాలు నోటు పుస్తకం చేతికిచ్చి ఆ ఆదివారం సంగతి రాసిపెట్టమంటే, నాలుగు రోజులుగా రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. అర్థమేంటని మాత్రం నన్నడగకండి.

మాది ధవళేశ్వరం దిగువన కాలవ గట్టు మీది ఊరు. అప్పట్లో మా వీధి మొత్తానికి కలర్ టీవీ మా ఇంట్లోనే ఉండేది. మా అబ్బాయి కొన్నాడు. నేనైతే కొనేదాన్ని కాదు. ఆదివారం పదకొండింటికి ఒక సీరియల్ వచ్చేది, జమీందారీ రోజుల నాటి కథ. అదొక్కటే నేను చూసేదాన్ని. ఒక దివాణం, అందులో ఒక పెద్ద దొరసాని, ఆవిడ నడుముకు తాళాల గుత్తి. మిగతా నాటకాల్లోలాగా అరుపులు, ఏడుపులు ఉండేవి కావు. ఇత్తడి బిందెలు నిజం ఇత్తడివే. చీరలు కూడా మా అత్తగారి పెట్టెలో ఉండే రకమే. మనుషులు ఒక మాట అనే ముందు ఆలోచించి అనేవారు. అంత నిదానంగా, శ్రద్ధగా తీసినది నేను మళ్ళీ చూడలేదు.

వీధిలో ఆడవాళ్ళు ఏడెనిమిది మంది వచ్చేవారు. నా ఇంట్లో నా పద్ధతి. కాళ్ళు కడుక్కుని రావాలి, ఎవరి చాప వాళ్ళు తెచ్చుకోవాలి. ప్రకటనలు రాగానే టీవీ కట్టేసేదాన్ని. సబ్బులు, బిస్కెట్లు చూడ్డానికి కరెంటు ఎందుకు తగలెయ్యాలి? మళ్ళీ ఎప్పుడు పెట్టాలో నా తోటికోడలు రత్నం చెప్పేది. గడియారం చూసేది కాదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని, ఉన్నట్టుండి "ఇప్పుడు పెట్టక్కా" అనేది. పెడితే సరిగ్గా కథ మొదలయ్యేది. ఏడాది పైగా చూశాం, ఒక్కసారి తప్పలేదు.

"రత్నమ్మగారి కడుపులో గంట కట్టారండి" అనేది బుల్లెమ్మ. ఆమె మా పొలం పనికొచ్చే మనిషి. గుమ్మం దగ్గర కూర్చునేది, ఒక్క వారం మానేది కాదు.

రత్నం నాకంటే ఆరేళ్ళు చిన్నది, పోయిన మా మరిది భార్య. ఇద్దరం ఒకే పొయ్యి మీద పదమూడేళ్ళు వండాం. నాది గట్టి నోరు. అన్నీ పడింది. ఎదురు చెప్పిందని నాకు గుర్తు లేదు.

సీరియల్ ఇంకో రెండు వారాల్లో అయిపోతుందనగా రత్నానికి కడుపులో నొప్పి వచ్చింది. రాజమండ్రి ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. గురువారం నేను బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాను. లేచి కూర్చుంది, జావ తాగుతోంది. మంగళవారం ఇంటికి పంపిస్తామన్నారు. దాని అల్లుడు వచ్చాడు, కూతురు లక్ష్మి పక్కనే ఉంది. విశాఖపట్నంలో కాపురం దానిది, పురుటికి, పండక్కి తప్ప మా ఊరు రాదు.

నేను లేచేటప్పుడు రత్నం చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఆదివారం ఆఖరిది. నువ్వు చూసి చెప్పాలి. మధ్యలో పనుందని లేచావా, ఊరుకోను."

"నీ మొహం. ముందు జావ తాగు."

"దొరసాని ఏం చేస్తుందో తెలియకుండా నాకు నిద్ర పట్టదక్కా."

చెబుతానన్నాను. అది నన్ను ఏదైనా కావాలని అడగడం అదే మొదలనుకుంటాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొగల్తూరులో మా మామగారి తమ్ముడు ఉండేవారు, తొంభై దాటాయి. నెల రోజులుగా రేపో మాపో అన్నట్టున్నారు. ఆయన పోతే మాకు పది రోజులు మైల. పూజ ఉండదు, పొరుగు వాళ్ళని ముట్టుకోకూడదు, టీవీ పెట్టకూడదు. కానీ మైల విన్నప్పటి నుంచే. చెవిన పడేదాకా లేదు. మా అత్తగారు ఈ విషయంలో గట్టి మనిషి. మా ఆడపడుచు పెళ్ళిలో ఎవరో చావు కబురు పట్టుకుని పందిట్లోకి వస్తుంటే, మూడు ముళ్ళు పడేదాకా ఆయన్ని గుమ్మం బయటే నిలబెట్టింది. నోరు విప్పనివ్వలేదు. నేను కళ్ళారా చూశాను.

ఆ ఆదివారం పదకొండుకి ఐదు నిమిషాలుందనగా సత్తిరాజుగారు మా గేటు తీశారు. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా చేసి రిటైరయ్యారు. వీధిలో ఫోను ఉన్నది వాళ్ళింట్లోనే. ఆయన భార్య సుభద్ర అప్పటికే నా గదిలో చాప వేసుకుని కూర్చుంది. ఆయన మొహం చూడగానే చావు కబురని తెలిసిపోయింది. మొగల్తూరే అనుకున్నాను. ఇంకోటి తట్టలేదు.

గబగబా అరుగు మీదికి వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టాను. "చెప్పకండి."

"అక్కగారండీ, ఇప్పుడే ఫోనొచ్చిందండి..."

"వచ్చిందని తెలుసు. ఏదైనా సరే, పదకొండున్నర తరవాత చెబుదురుగాని. అప్పటిదాకా మీరు చెప్పలేదు, నేను వినలేదు."

"అది కాదండి..."

"కూర్చోండి, సత్తిరాజుగారూ. ఇన్నాళ్ళు ఆగింది, అరగంట ఆగదా?"

ఆయన మంచి మనిషి, నా మాటకు ఎదురు చెప్పేవారు కాదు. అరుగు మీద కూలబడి తువ్వాలు మొహానికి పెట్టుకున్నారు. ఎండన పడి వచ్చారు, చెమట తుడుచుకుంటున్నారనుకున్నాను. లోపలికొచ్చి టీవీ పెట్టాను.

"మా ఆయన ఎందుకొచ్చారండి?" అంది సుభద్ర.

"ఏం లేదు. కథ చూడు."

నిజం చెప్పాలంటే నా సరదా కోసం ఆ పని చెయ్యలేదు. రత్నానికి మాటిచ్చాను. ఒక్క ముక్క వదలకుండా చూసి, మర్నాడే వెళ్ళి చెబుదామని కళ్ళు ఆర్పకుండా చూశాను. మైల వస్తే పది రోజులు ఆసుపత్రికి కూడా వెళ్ళలేనేమోనని లోపల దిగులుగానే ఉంది.

ప్రకటనలు రాగానే అలవాటుగా కట్టేశాను. మళ్ళీ ఎప్పుడు పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. గదంతా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంది.

"గంట ఆసుపత్రిలో ఉందిగదండి" అంది బుల్లెమ్మ. అందరూ నవ్వారు.

నా చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్ళింది. పెట్టాను. సరిగ్గా కథ మొదలైంది. రెండోసారీ అలాగే జరిగింది. అలవాటు పడ్డానులే అనుకున్నాను.

ఆఖర్న దొరసాని దివాణంలో గదులన్నీ తనే తాళాలు వేసి, గుత్తి దివానుగారి చేతికిచ్చి, రేవులో పడవెక్కి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. సుభద్ర ముక్కు చీదింది. టీవీ కట్టేసి, గోడ గడియారం చూశాను. పదకొండు ముప్ఫై రెండు.

అరుగు మీదికి వచ్చాను. "ఇప్పుడు చెప్పండి."

"రత్నమ్మగారు పోయారండి" అన్నారు సత్తిరాజుగారు. "పదిన్నరకి. అల్లుడుగారు ఫోను చేశారు."

ఆ తరవాత నేనేం చేశానో రాయలేను. తలారా నీళ్ళు పోసుకున్నానట. బుల్లెమ్మ చెప్పింది.

మూడున్నరకి రత్నాన్ని తీసుకొచ్చారు. లక్ష్మి నన్ను పట్టుకుని ఏడుస్తూ చెప్పిన మాటలకు నాకు ఏడుపు ఆగిపోయింది.

పదిన్నరకి డాక్టరు చూసి ప్రాణం లేదన్నాడట. మొహం మీద దుప్పటి కప్పారట. అల్లుడు టెలిఫోను బూతుకి వెళ్ళి సత్తిరాజుగారికి ఫోను చేశాడు. తిరిగొచ్చి బండి మాట్లాడుతుండగా, పదకొండు కావస్తుంటే, దుప్పటి కదిలిందట. తీసి చూస్తే రత్నం కళ్ళు తెరిచే ఉంది. మంచినీళ్ళడిగింది, రెండు చెంచాలు మింగింది. నర్సులు పరిగెత్తారు. అల్లుడు మళ్ళీ బూతుకి ఉరికి, బతికే ఉందని చెబుదామని నాలుగుసార్లు ఫోను చేశాడట. ఎవరూ తియ్యలేదు. ఎలా తీస్తారు? భార్య నా గదిలో, భర్త నా అరుగు మీద.

"నాతో ఏం మాట్లాడలేదు పెద్దమ్మా" అంది లక్ష్మి. "ఎటో చూస్తూ పడుకుంది. రెండుసార్లు మాత్రం 'ఇప్పుడు పెట్టక్కా' అంది. ఏం పెట్టమందో నాకు తెలియలేదు. దిండు సర్దాను."

లక్ష్మికి మా టీవీ సంగతి తెలియదు. అది ఎప్పుడూ ఆ గదిలో కూర్చోలేదు.

"ఎప్పుడు పోయింది?" అని అడిగాను.

"పదకొండున్నర దాటి రెండు మూడు నిమిషాలు. ఎవరో పిలిచినట్టు తల తిప్పింది. అంతే."

డాక్టరుకు దీనిలో వింతేమీ కనబడలేదట. నాడి ఒక్కోసారి అందదు, మొదటిసారి మేమే పొరబడ్డామని ఒప్పుకున్నాడు. కావచ్చు. మరి నిమిషాలు ఎలా కలిశాయని నన్నడిగితే నేనూ చెప్పలేను. చావు నా చెవుల కోసం కాచుకుని కూర్చుంటుందా? కూర్చోదు. ఆ మాట వేరే ఎవరన్నా అంటే తిట్టి పంపించేదాన్ని.

పదకొండో రోజు వంటలయ్యాక, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, లక్ష్మీ నేనూ పెరట్లో గిన్నెలు బోర్లిస్తున్నాం. అప్పటికి వీధిలో అందరూ దానికి అంతా చెప్పేశారు. అది తలెత్తకుండా అడిగింది.

"పెద్దమ్మా, ఆ రోజు సత్తిరాజుగారు తనంతట తనే చెప్పారా? నువ్వు చెప్పమన్నావా?"

అబద్ధం నా నోటికి రాదు.

"నేనే చెప్పమన్నాను."

లక్ష్మి చేతిలో గిన్నె బోర్లించి, ఇంకోటి అందుకుంది.