‘లోగా’కి ఇంగ్లీషు

నా చిన్నప్పుడు, కోర్టు గుమాస్తాగా చేసిన మా తాతయ్యకి కళ్లు మసకబారాక, చోడవరంలో మా వీధివాళ్ల ఇంగ్లీషు ఉత్తరాలు నా చేతికి వచ్చాయి. చదివేది థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి, మిడిసిపాటు మాత్రం కలెక్టరుగారిది.

పక్కింటి అక్క భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఇంగ్లీషు లేని తెలుగు బళ్లో ఎనిమిదో తరగతి పాసైంది కనక పంతులమ్మల ట్రైనింగుకి దరఖాస్తు పెట్టుకుంది. సీటు వచ్చిందని, ఎప్పుడు చేరేదీ రాయమని విశాఖపట్నం నుంచి కార్డు వచ్చింది. బయల్దేరడానికి జూన్ తొమ్మిది మంచిదని వాళ్ల నాన్న పంచాంగం చూసి చెప్పాడు.

"ఒసే గుంటా, పదో తేదీలోగా వచ్చి సేరతానని ఇంగిలీసులో రాసెట్టవే," అంది అక్క.

‘లోగా’ దగ్గర నా కలం ఆగింది. లోపల అంటే వితిన్ కదా అనుకున్నాను. అనుమానం రాకపోలేదు. తాతయ్య అరుగు మీదే ఉన్నాడు. అడిగితే నాకు రాదని అక్కకి తెలిసిపోతుందని, ‘ఐ విల్ జాయిన్ వితిన్ 10’ అని రాసి, కింద గీత కూడా గీశాను.

తొమ్మిదిన పెట్టె పట్టుకుని బస్సెక్కిన అక్క మర్నాడే తిరిగొచ్చింది. నేను ఉత్తరం రాసింది మే ఇరవై ఐదున. అక్కడివాళ్లు పది రోజుల్లో వస్తుందనుకుని, నాలుగో తేదీ దాకా చూసి, సీటు ఇంకో అమ్మాయికి ఇచ్చేశారట.

"ఉత్తరంలో ఏటి రాయించేవే?" అని వాళ్ల నాన్న కేకలేస్తుంటే నేను తలుపు చాటున నిలబడి విన్నాను.

"తేదీ నేనే తప్పు సెప్పేను నాన్నా. ఆ గుంటనేటీ అనకు."

లోపలికి వెళ్లి నిజం చెప్పాల్సింది. వెళ్లలేదు.

సాయంత్రం అక్కే వచ్చి, ట్రైనింగు ఆఫీసులో తిరిగిచ్చిన ఆ ఉత్తరం నా చేతిలో పెట్టింది. వితిన్ కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది. పక్కన ‘ఆన్ ఆర్ బిఫోర్’ అని అక్కడి ఆఫీసాయన ఎవరో రాశాడు.

"ఇది నేర్సుకో. వచ్చే ఏడూ నువ్వే రాయాల," అంది. నేను ఏడ్చాను. తను ఏడవలేదు.

మరుసటి ఏడు తాతయ్యకి చదివి వినిపించి మరీ రాశాను. అక్క చేరింది, పంతులమ్మ అయింది. తన సీటులో చేరిన అమ్మాయి ఏడాది సీనియరై, తర్వాత అక్క పనిచేసే బళ్లోనే హెడ్మిస్ట్రెస్ అయింది. అక్క ఆవిడ కిందే రిటైరైంది. ఒక్కనాడూ నా దగ్గర ఆ మాట ఎత్తలేదు.

ముప్పై ఏళ్లు నేనూ ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ‘ఆన్ ఆర్ బిఫోర్’ వచ్చిన రోజున, తెలియకపోతే అడగండర్రా, అడిగితే పోయేదేం లేదని పిల్లలకి చెప్పేదాన్ని. తలుపు చాటున నిలబడ్డ సంగతి మాత్రం ఏ ఏడూ చెప్పలేకపోయాను.