కంపెనీ దాకా రాని కొత్త సంవత్సరం

రెండు కంప్యూటర్లు పోట్లాడుకుంటే తీర్పు చెప్పే మనిషి మా చిన్నక్క. మందుల గోదాంలో ఉద్యోగం. గోదాం కంప్యూటరు తయారీ కంపెనీ కంప్యూటరుకు ఎక్స్ఎంఎల్ అనే కంప్యూటరు రాతలో సందేశాలుగా ఆర్డర్లు పంపుతుంది. అది తిప్పికొడితే ఎందుకో అక్క కనిపెట్టాలి. అక్క గుడ్లురిమితే సర్వరు దానంతట అదే రీస్టార్ట్ అవుతుందని నేను చెబితే ఎవరూ నమ్మరు. కాలేజీ మధ్యలో మానేసినవాడి మాటకు విలువేముంది?

సంవత్సరం మారిన రెండో రోజు నేను క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళేసరికి మేనేజరు అక్క నెత్తిమీద నిలబడి ఉన్నాడు. పొద్దున్నుంచి ఒక్క ఆర్డరూ వెళ్ళలేదు.

"నాలుగింటిలోపు కదలకపోతే ఈ పని బయటివాళ్ళకి ఇచ్చేస్తానమ్మా. తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

అంటే అక్క ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే.

సందేశం మొదట్లో నేమ్‌స్పేస్ అని ఒకటుంటుంది. లోపలి మాటలు ఏ ఇంటివో చెప్పే ఇంటిపేరు అనుకోండి. చూడ్డానికి వెబ్‌సైట్ అడ్రసులా ఉంటుంది. మేనేజరు దాన్ని బ్రౌజర్లో కొట్టాడు. ఏమీ రాలేదు.

"ఇదిగో, సైటే చచ్చిపోయింది. ముందు దాన్ని లేపు."

"అది పేరు మాత్రమే సార్. అక్కడికి ఎవరూ వెళ్ళరు."

"ఎవరూ వెళ్ళని అడ్రసు దేనికమ్మా?"

"మా తమ్ముడి జేబులో కాలేజీ కార్డు లేదా సార్? అలాగే."

అక్క పోయిన వారం వెళ్ళిన సందేశాన్నీ, ఇవాళ తిరిగొచ్చినదాన్నీ ప్రింటు తీసి, ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించింది. నా కంటికి రెండూ కవలలే. అక్క వేలు మాత్రం పై వరుసలోనే ఆగింది. నేమ్‌స్పేస్ చివర కంపెనీవాళ్ళు ఐదేళ్ళ కిందట పెట్టుకున్న సంవత్సరం ఉండాలి. అక్కడ ఈ సంవత్సరం కూర్చుంది. ఒక్క అంకె తేడా వచ్చినా అవతలి కంప్యూటరు మొహం చూడదు.

"దీన్ని ఎవరు మార్చారు?"

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "పాత సంవత్సరాలు కనిపిస్తే బాగుండదని నిన్న నేనే కూర్చుని... లెటర్‌హెడ్లు, రసీదులు, ఈ సందేశాల ఫైలూ..."

"కొత్త సంవత్సరం మనకొచ్చింది సార్. వాళ్ళకింకా రాలేదు."

పాత అంకె తిరిగి పెట్టగానే ఆర్డర్లు పరిగెత్తాయి. ఆ ఊపుకి గోదాం షట్టర్లు గడగడలాడాయి, నా కళ్ళతో చూశాను. నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి.

పై ఆఫీసుకు పంపే రిపోర్టులో 'కారణం' అని ఒక గడి ఉంది.

"సాంకేతిక లోపం అని రాసెయ్యమ్మా."

"అలా రాస్తే లోపం నాదవుతుంది సార్."

అక్క 'సంవత్సరం తొందరపడింది' అని రాసి కాగితం ఆయన ముందుకు జరిపింది. ఆయన రెండుసార్లు చదివాడు. బయటివాళ్ళ ఊసెత్తకుండా సంతకం పెట్టాడు. కింద తేదీ వెయ్యబోతూ పెన్ను ఆపి, అక్క వైపు చూశాడు.

"ఇక్కడ కొత్తదే వెయ్యండి సార్," అంది అక్క.