నీళ్ల అడుగున మా బావ పని

మా బావ పోయాడు. సెలవు మీద బోధన్ వచ్చి నాలుగు రోజులైనా కాలేదు. స్నానానికి లేచినవాడు గుండె పట్టుకుని కూలబడ్డాడని అక్క ఫోన్ చేసింది. బస్సులో దారి పొడుగునా ఏడ్చాను. అయినా పోయినవాడి గురించి అబద్ధం రాయకూడదు. బతికున్నన్నాళ్లూ ఆయన్ని చూసి కుళ్లుకున్నాను.

ఇద్దరం చక్కెర ఫ్యాక్టరీలో ఖలాసీలం. బరువైన యంత్రాలకు గొలుసులు కట్టి ఎత్తడం, దించడం మా పని. ముడి వేయడంలో నాదే చురుకైన చెయ్యి. ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఓడ పనికి మనుషుల్ని తీసుకుపోయే ఏజెంటు ఒకడు మా ఇద్దరికీ చెరొక గొలుసు ఇచ్చి పరీక్ష పెట్టాడు. నేను వెంటనే కొక్కెం తగిలించి లాగేశాను. బావ వంగి, మొదటి లంకె నుంచి చివరిదాకా చేత్తో తడుముకుంటూ పోయి, మధ్యలో ఉన్న మెలిక విప్పాడు. నా గొలుసులోనూ మెలిక ఉందట. ఆయన స్కాట్లాండ్ సముద్రానికి పోయాడు, నేను జక్రాన్‌పల్లిలో పసుపు మిల్లుకు.

అక్కడ ఆయన పని, నీళ్ల మీద తేలుతూ కరెంటు తీసే గాలిమరలకు లంగర్లు వేయడం. ఆ పని అర్థమయ్యేది ఇంట్లో నాకొక్కడికే కాబట్టి, వచ్చినప్పుడల్లా నాకే చెప్పేవాడు. “ముందుగాల లంగరు దింపుతం బామ్మర్దీ. అది మట్టిని పట్టిందా లేదా అని ఓడతోని గుంజి సూస్తం. గాలిమర ఆ ఎన్క వస్తది. తొందరపడ్డోనికి సముద్రం రెండో అవకాశం ఇయ్యది.” నేను ఆవలింతలు తీసేవాణ్ణి. లోపల మాత్రం ఒక్క మాట పోనిచ్చేవాణ్ణి కాదు.

అక్క అడిగితే, “ఏమున్నదక్కా, ఓడ మీద తాళ్లు గుంజే కూలి పని” అనేవాణ్ణి. ఒకసారి బావ విననే విన్నాడు. “గుంజుడే గదా, అబద్ధమేమున్నది?” అని నవ్వి, నా కంచంలో ఇంకో జొన్నరొట్టె వేశాడు. అంత సులువుగా నవ్వగలిగినందుకు కూడా నాకు కడుపుమంటే.

పదోనాడు చుట్టాలు వెళ్లాక అక్క నన్ను పెరట్లోకి పిలిచింది.

“తమ్మీ, మీ బావ గాడ అసలు ఏం పని చేసేటోడు? రేపు బిడ్డ అడిగితె, కూలోడనే చెప్పాల్నా?”

మూతపెట్టిన ఖాళీ డబ్బాకు మూడు సుతిలి తాళ్లు కట్టాను. ఒక్కో కొసకు ఒక్కో రాయి కట్టి, నీళ్ల తొట్టి అడుగున మూడు వైపులా సర్దాను. డబ్బా మధ్యలో తేలింది.

“గిది గాలిమర. గీ రాళ్లు లంగర్లు. కంటికి కనవడని లోతుల వీటిని సక్కగ వెట్టేటోడు బావ. నాతోని కాలేదక్కా. పరీక్షల నేను తప్పిన. కూలి పని అని నీకు అబద్ధం చెప్పిన.”

అక్క వేలితో డబ్బాను తోసింది. అది వంగి, ఊగి, మళ్లీ మధ్యకు వచ్చింది. మళ్లీ తోసింది.

ఆ ముడులు నేను కట్టినవని గొప్ప చెప్పుకోవాలని అప్పుడు కూడా నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె డబ్బానే చూస్తూ ఇంకోసారి తోసింది.