మొద్దు సూది

పదహారేళ్ళప్పటి నుంచి సూదితో బతుకుతున్నదాన్ని. హిందీ నడిచే మా దీవిలో, బ్రూక్షాబాద్‌లో మా ఇంటి ముందుగదే నా కుట్టు కొట్టు. అలాంటి నేను ఒక సూది ముందు నోరు మూసుకుని కాలు పోగొట్టుకోబోయాను.

నడుము దగ్గర నరం నొక్కుకుపోయి, కుడికాలు పిక్క దాకా ఒకటే లాగుడు. మిషను పెడల్ తొక్కే కాలు అదే. మాత్రలు పనిచేయలేదు. వెన్నులో ఆ నరం పక్కనే ఇంజెక్షన్ ఇస్తే వాపు తగ్గుతుందన్నాడు డాక్టరు.

"బయమేస్తుందేటి?" అని అడిగాడు మా ఆయన.

"సూదికి నేను భయపడితే చేప నీళ్ళకి భయపడినట్టే" అని ఎకసెక్కమాడాను.

ఆసుపత్రిలో బోర్లా పడుకోబెట్టే ముందు ట్రేలో సూది చూశాను. బెత్తెడు పొడుగు, కొన గుండ్రం. నా కొట్లో కొన అరిగిన సూదిని ఒక్క పూట ఉంచను. నా వెన్నులో దించడానికి ఇదా?

"డాక్టర్ సాబ్, ఇస్ మే ధార్ నహీ హై" అన్నాను.

పదును లేనిదే కావాలని తీసుకున్నానన్నాడాయన. చర్మంలో వేరే పదును సూదితో దారి చేసి, లోపలికి మాత్రం దీన్నే పంపుతాడట. పదునుది నరానికో రక్తనాళానికో తగిలితే గుచ్చుకుపోవచ్చు, మొద్దుది చాలావరకు పక్కకి జారుతుంది.

బనీను గుడ్డకి నేను వాడేదీ గుండ్రటి కొన సూదే కదా. పదునుది వేస్తే పోగు తెగి చిల్లి పాకుతుంది. రోజూ నా చేతిలో ఉండే సంగతి, నా ఒంటి దగ్గరికొచ్చేసరికి తట్టలేదు.

"అయినా పూర్తి భరోసా ఏ సూదికీ లేదు. కాల్లోకి జివ్వుమంటే వెంటనే చెప్పండి. మీకు మత్తు ఇవ్వనిది అందుకే" అన్నాడు హిందీలో.

జివ్వుమంది. తొడ నుంచి బొటనవేలి దాకా కరెంటు పాకింది. నేను చెప్పలేదు. సూదితో బతికేది సూదికి అరిచిందంటారని పళ్ళు బిగబట్టాను. అంతకన్నా పెద్ద కారణం లేదు.

"సర్, దీదీ కా అంగూఠా హిలా" అంది నర్సు. నా బొటనవేలు అదరడం ఆవిడ చూసింది. డాక్టరు మందు ఎక్కించకుండా ఆగి, సూది వెనక్కి లాగాడు.

"నొప్పి వచ్చిందా?"

"కొంచెం."

"మరెందుకు చెప్పలేదు? సూది నరంలో ఉండగా మందు వదిలితే కాలు చచ్చుబడొచ్చు. ఈ ఎక్స్‌రే స్క్రీన్ మీద నాకు ఎముకలు కనిపిస్తాయి, నరం కనిపించదు. అది మీరే చెప్పాలి."

సూదిని తప్పుపట్టిన నోరు, మాట్లాడాల్సిన చోట మూసుకుపోయింది. ఆయన సూదిని కొంచెం జరిపి, ప్రతి అడుగుకీ నన్ను అడుగుతూ మందు ఎక్కించాడు. తర్వాత వేళ్ళు ఆడించమన్నాడు. అయిదూ ఆడాయి. సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

బయట బెంచీ మీంచి మా ఆయన లేచి వచ్చాడు.

"నొప్పెట్టిందేటి?"

"లేదు" అంది నా నోరు, అలవాటు కొద్దీ. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, "పెట్టింది" అన్నాను.