కొబ్బరికాయ కొట్టిన బల్ల

ఐర్లండ్‌లోని షానన్‌లో మా పక్కింటి తెలుగు అంకుల్ ఏది చెడినా, అంతా బాగుందన్నట్టు అక్కడివాళ్లలా "గ్రాండ్!" అనేవాడు. పెరటి షెడ్డులో ఆయనకు కంప్యూటర్ చెప్పినట్టు చెక్కలు చెక్కే చిన్న సీఎన్‌సీ మెషిన్ ఉండేది. ఆయుధపూజ నాడు భక్తి పొంగి, దాని బల్ల మూల మీదే కొబ్బరికాయ కొట్టాడు. కాయ పగల్లేదు, మూల కుంగింది.

ఆ తర్వాత కొత్తింటికి నేమ్‌ప్లేట్ చెక్కితే ఆయన పేరు లోతుగా దిగింది, కుంగిన వైపు పడ్డ ఆంటీ పేరు మాత్రం మెషిన్ మొన అందక ఆనవాలుకు కూడా లేదు.

"ఇదే తగిలిస్తే గృహప్రవేశం మీరొక్కరే చేసుకోండి," అంది ఆంటీ.

ఆయన మూల కింద అట్టముక్కలు దోపి, "గ్రాండ్!" అన్నాడు. మెషిన్ అదురుకి అవి కాస్తా జారిపోయాయి.

"బల్ల మీద పరిచిన చెక్కనంతా మెషిన్‌తోనే చదునుగా గీకించండి అంకుల్," అన్నాను.

"పసుపూ కుంకుమా పెట్టిన చెక్కయ్యా! గీకితే కళ్లు పోతాయి."

"దేవుడితో నేను మాట్లాడుకుంటా. మీరు గీకండి," అంది ఆంటీ.

గీకాక మళ్లీ నేమ్‌ప్లేట్ చెక్కితే రెండు పేర్లూ సమానంగా దిగాయి. అంకుల్ ఆనందం పట్టలేక ఇంట్లోకి పరిగెత్తి, కొబ్బరికాయతో తిరిగొచ్చాడు. అప్పటికే ఆంటీ షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి జీన్స్ జేబులో వేసుకుంది.

"గ్రాండ్," అంది.